‘కాదు’కీ ‘లేదు’కీ తేడా ఏంటండీ?

రాజమండ్రిలో పుట్టి పెరిగినవాడెవడూ ‘కాదు’ అనాల్సిన చోట ‘లేదు’ అనడు. ‘మాస్టారు ఇంట్లో కాదు’ అనో, ‘ఆయన మాస్టారు లేడు’ అనో నాలుగేళ్ళ పిల్లాడి నోట కూడా రాదు. ఆ తేడా ఏమిటో చెప్పమంటే మాత్రం ఆ పిల్లాడే కాదు, వాళ్ళ తాతగారు కూడా నీళ్ళు నమలాల్సిందే. తెలుగు నేర్చుకుందామని బయటినుంచి వచ్చినవాడు మొదటి వారంలోనే ఇక్కడ చిక్కుపడతాడు. ఆ తరవాత వరసగా అడుగుతాడు. ‘మేము’, ‘మనము’ అని రెండెందుకు? నాలుగు కుర్చీలు అంటారు గానీ నాలుగు మనుషులు అనరేం? రేపు వస్తాను, రోజూ వస్తాను, రెండింటికీ ఒకే క్రియ ఎలా సరిపోతుంది? అబ్బాయి వచ్చాడు సరే, అమ్మాయి మాత్రం బండి వచ్చినట్టు ‘వచ్చింది’ ఏమిటి?

మనకి రాని సందేహాలివి. ఎందుకు రావంటే ఆ భాషలోనే ఉన్నాం గనక. వ్యాకరణం రాసినవాళ్ళు చాలామంది ఇలాంటి పరాయి సందేహాలకి జవాబు చెప్పబోయే రాశారు. ఆ సందేహాల్లో ఒకటి మాత్రం జవాబుతో పోలేదు. గోదావరి జిల్లాల్లో ఏళ్ళ తరబడి సభలెక్కి, పండితుల్ని రెండు పక్షాలుగా చీల్చి, చివరికి మన పత్రికల భాషనే మార్చేసింది.

ముందు స్పానిష్ సంగతి చెప్పాలి, ‘కాదు, లేదు’ లాంటి చిక్కే అక్కడా ఉంది గనక. అమెరికా హైస్కూళ్ళలో పిల్లలు పరాయి భాషగా అన్నిటికన్నా ఎక్కువగా తీసుకునేది స్పానిషే. కాకినాడనుంచో భీమవరంనుంచో వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళలో పిల్లలూ దాన్నే తీసుకుంటున్నారు. ఆ భాష నేర్చుకునే ప్రతివాడూ అడిగే ప్రశ్నల్లో మొదటిది: ‘ఉండటానికి రెండు క్రియలెందుకు?’ ఇంగ్లీషులో ఒక్కటే క్రియ. స్పానిష్‌లో సెర్ ఒకటి, ఎస్తార్ ఒకటి. శాశ్వతమైనదానికి సెర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా ఓ చిట్కా చెబుతున్నాయి. ఆ చిట్కా రెండో పాఠంలోనే బోల్తా కొడుతుంది. రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉంది అనాలంటే స్పానిష్‌లో ఎస్తార్ వాడాలి. ఊరు ఎక్కడికి పోతుంది? మనిషి చనిపోయాడు అనడానికీ ఎస్తారే. చావుకన్నా శాశ్వతం ఏముంది?

తెలుగింటి పిల్లలకి ఆ చిట్కాతో పని లేదు. వాక్యాన్ని మనసులో తెలుగులో కాదనుకుని చూస్తే చాలు. ‘ఆయన డాక్టరు కాదు’, ‘ఈ చీర పట్టుది కాదు’, ‘ఇవాళ సోమవారం కాదు’. వీటన్నిటా సెర్. ‘ఆయన ఇంట్లో లేడు’, ‘టీ వేడిగా లేదు’, ‘తలుపు తీసి లేదు’. వీటన్నిటా ఎస్తార్. ‘కాదు’ వచ్చే చోట ఒకటి, ‘లేదు’ వచ్చే చోట ఇంకొకటి. పొడుగు, అందం లాంటి గుణాల దగ్గర లెక్క తప్పుతుందనుకోండి. అమ్మాయి అందంగా ఉంది అంటే స్పానిష్‌వాడు పుట్టుకతో అందగత్తెనా, ఇవాళ ముస్తాబైందా అని తేల్చుకుని మరీ క్రియ ఎంచుకుంటాడు. అయినా ఇంగ్లీషు పుస్తకం చిట్కా కన్నా ఇది మెరుగు. ఈ రెండు క్రియల పుట్టుక చూసినా సంగతి తెలుస్తుంది. ఎస్తార్ లాటిన్‌లో ‘నిలబడు’ అనే మాటనుంచి వచ్చింది. సెర్‌లో లాటిన్ అస్త్యర్థక క్రియతో పాటు ‘కూర్చొను’ అనే మాట కూడా కలిసిపోయింది.

మిగతా ప్రశ్నల్లో కొన్ని మన పిల్లలకి అసలు ప్రశ్నలే కావు. స్పానిష్‌లో ‘నేను ఇష్టపడతాను’ అనరు, ‘నాకు నచ్చుతుంది’ అంటారు. నా తల నొప్పెడుతోంది అనరు, నాకు తల నొప్పెడుతోంది అంటారు. ఇంగ్లీషు పిల్లలు దీన్ని తలకిందుల వాక్యమంటారు. మనకది తిన్నగా ఉన్న వాక్యం. నువ్వు, మీరు లాగే వాళ్ళకి తూ, ఉస్తెద్. ఈ ఉస్తెద్ ‘తమ దయ’ అనే పాత దర్బారు మాట అరిగి అరిగి మిగిలిన ముక్క. బల్ల ఆడది, పుస్తకం మగది ఎలా అయ్యాయన్న చోట మాత్రం మన పిల్లలకీ ఇంగ్లీషు పిల్లలకీ ఒకటే బాధ.

స్పానిష్‌కి మొదటి వ్యాకరణం ఆంటోనియో దె నెబ్రిహా రాసిందే. 1492 ఆగస్టు 18న సాలమాంకాలో అచ్చయింది. సరిగ్గా పదిహేను రోజుల ముందే కొలంబస్ ఓడలు బయల్దేరాయి. ఈ పుస్తకం దేనికి పనికొస్తుందని ఇసబెల్లా రాణి అడిగిందట. పక్కనే ఉన్న ఆవిలా బిషప్పు అందుకుని, ఏలినవారు పరభాషల జనాన్ని జయించాక వాళ్ళు మన శాసనాలతో పాటు మన భాషా నేర్చుకోవాలి గదా, అప్పుడు పనికొస్తుంది అన్నాడట. ఈ సంగతి నెబ్రిహాయే తన పీఠికలో రాసుకున్నాడు. పుస్తకంలో అయిదో భాగమైతే పూర్తిగా పరభాషలవాళ్ళ కోసమే.

ఏలబోయేవాడి భాష ఏలుబడిలోకొచ్చేవాడు నేర్చుకోవాలన్నది బిషప్పు లెక్క. జరిగింది చాలా చోట్ల దానికి తిరగబడి. పెరూ వెళ్ళిన స్పానిష్ సన్యాసులు మతం చెప్పాలంటే కెచువా నేర్చుకోక తప్పలేదు. డొమింగో దె సాంతో తోమాస్ అనే ఆయన 1560లో కెచువాకి వ్యాకరణం అచ్చు వేశాడు. ఆ భాషలో ‘మనం’ వేరు, ‘మేం’ వేరని ఆయన కనిపెట్టి రాశాడు. వినేవాణ్ణి కలుపుకుంటే ఒక మాట, కలుపుకోకపోతే ఇంకో మాట. యూరప్‌వాళ్ళు ఈ తేడా గురించి రాసిన మొదటి రాత అదేనంటారు. రెండున్నర శతాబ్దాల తరవాత ఇంగ్లీషు దొరలు తెలుగులో వచ్చి తగులుకున్నదీ ఇదే ముడికి.

తెలుగు వ్యాకరణం కథ మొదలయ్యేదీ రాజమండ్రిలోనే అంటారు. రాజరాజ నరేంద్రుడి కొలువులో పదకొండో శతాబ్దంలో భారతం మొదలుపెట్టిన నన్నయే ఆంధ్రశబ్దచింతామణి కూడా రాశాడని సంప్రదాయం. ఆయనది కాదనే పండితులూ ఉన్నారు. ఎవరిదైనా ఆ పుస్తకం ఉన్నది సంస్కృతంలో. తెలుగు ఎలా రాయాలో సంస్కృతంలో చెప్పారంటే అది తెలుగు రాని వాడికి కాదు, సంస్కృతం బాగా వచ్చి తెలుగులో కావ్యం రాయబోయేవాడికి అని తెలుస్తూనే ఉంది. పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోనే పద్యాల్లో ఆంధ్రభాషాభూషణం చెప్పాడు. అదీ కవుల కోసమే. ‘కాదు’కీ ‘లేదు’కీ తేడా అడిగేవాళ్ళు అప్పటికింకా రాలేదు. వచ్చినా, అంటే తమిళ వర్తకులో పార్శీ మున్షీలో అడిగినా, జవాబులు నోటితోనే తేలిపోయి ఉంటాయి.

కుంపిణీ వాళ్ళు వచ్చాక గానీ ఆ ప్రశ్న కాగితమ్మీదికి రాలేదు. విలియం కేరీ 1814లో సెరాంపూరునుంచి తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చు వేశాడు. రెండేళ్ళకి మద్రాసులో ఎ.డి. క్యాంబెల్ ఇంకొకటి తెచ్చాడు. ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో చేరిన కుర్ర సివిలియన్లు తెలుగు పరీక్ష ప్యాసవ్వాలి, అందుకూ ఆ పుస్తకం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంనుంచి పుట్టలేదు, వాటిది వేరే కుటుంబం అని ఫ్రాన్సిస్ ఎల్లిస్ రుజువులతో చెప్పింది ఆ పుస్తకం ముందుమాటల్లోనే. అందులో ఆయనకి మచిలీపట్నం పండితుడు మామిడి వెంకయ్య రాతలు ఆధారమయ్యాయి. పరీక్ష ప్యాసవ్వాల్సిన కుర్రాళ్ళ పుణ్యమా అని ద్రావిడ భాషల సంగతి లోకానికి తెలిసిందన్నమాట. ద్రావిడ భాషలమీద కాల్డ్వెల్ రాసిన పుస్తకం దాని తరవాత నలభై ఏళ్ళకి, 1856లో వచ్చింది.

బ్రౌన్ దొర 1820ల నడుమ మచిలీపట్నంలోనూ రాజమండ్రిలోనూ కొన్నాళ్ళు ఉద్యోగం చేశాడు. కోర్టులో కూర్చునేవాడికి మేము, మనము అన్నది వ్యాకరణంలో చిన్న సూత్రంలా ఉండదు. సాక్షి ‘ఆ రాత్రి మేం తోటలోకి వెళ్ళాం’ అంటే ఓ లెక్క. ‘మనం వెళ్ళాం’ అంటే జడ్జీగారు కూడా తోటలో ఉన్నట్టే. ఇంగ్లీషులోకి తర్జుమా చేశాక ఆ తేడా మిగలదు. ఇలాంటి వాడుకకి పండితుల వ్యాకరణాలు ఎందుకూ కొరగావని బ్రౌన్‌కి అనుభవమైంది. 1840లో తన వ్యాకరణం తెచ్చినప్పుడు కావ్యభాష వేరు, జనం మాట వేరు అన్న విభజన దగ్గరే నిలబడ్డాడు. జనం కథలు పోగుచేసి అచ్చేయించాడు. ఆయన నిఘంటువు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లోనే డెల్టా పల్లెల్లోకి ఇంకోరకం విద్యార్థులొచ్చారు. ఇంగ్లండునుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో వచ్చి ఆ తరవాత నరసాపురం చేరారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. సంతలో, కాలవగట్టున, పేటల్లో మాట్లాడాల్సిన వాళ్ళకి అరసున్నలతో ఏం పని? మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో తెచ్చిన వ్యాకరణం ఇలాంటివాళ్ళ కోసమే. మొదట జనం మాట నేర్పి, గ్రాంథికాన్ని తరవాతకి పెట్టిన పుస్తకమది. చాలా తరాల మిషనరీలకి, దొరలకి తెలుగు నేర్పింది.

సరిగ్గా ఈ మధ్యకాలంలోనే మన పిల్లలకి జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ఇచ్చాడు. సూత్రాల బిగువులో దానికి సాటి లేదని ఒప్పుకోవాలి. కానీ ఆ పుస్తకం చదివి బాలుడైనవాడు ఎవడో ఇప్పటిదాకా నాకు తారసపడలేదు. నరసాపురంలో దొర ‘వస్తున్నాడు’ అని నేర్చుకుంటుంటే, ఆ పక్కవీధి బళ్ళో తెలుగు కుర్రాడు ‘వచ్చుచున్నాఁడు’ అని రాయకపోతే మార్కులు పోయేవి.

ఈ తమాషా కళ్ళబడ్డ మనిషి జె.ఎ. యేట్స్. ఉత్తర కోస్తా జిల్లాల బళ్ళకి ఇన్‌స్పెక్టరుగా 1907 ప్రాంతంలో వచ్చాడు. తెలుగు నేర్చుకుంటున్నాడు. తరగతిలో కూర్చుంటే మేష్టారు పుస్తకంలో ఉన్న తెలుగుని మళ్ళీ తెలుగులోకి మార్చి చెబుతున్నాడు. పుస్తకంలో ఒక భాష, బయట ఒక భాష ఎందుకని యేట్స్‌కి సందేహం వచ్చింది. విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. అయ్యంగారు ఇద్దరి పేర్లు చెప్పాడు: విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి.

గిడుగు ఆ ప్రశ్న విలువ వెంటనే పట్టుకోడానికి ఒక కారణం ఉందనిపిస్తుంది. ఆయనా పరాయి భాష నేర్చుకున్నవాడే. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ, కొండల్లో సవరల భాష నేర్చుకోడానికి ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకున్నాడు. పుస్తకం లేని భాష అది. మాట విని, మళ్ళీ అడిగి, నోట్లో నాలుక ఎక్కడ తగులుతోందో చూసి రాసుకోవాలి. అలా ఏళ్ళ తరబడి పోగుచేసినదే 1931లో మద్రాసు ప్రభుత్వం వేసిన సవర వ్యాకరణం. నోటి మాటకి కూడా కచ్చితమైన సూత్రాలుంటాయని, అది గ్రాంథికం చెడిపోగా మిగిలిన పిప్పి కాదని ఆయనకి సవరలు నేర్పారు. తెలుగుని కూడా అదే చెవితో విన్నాడు.

వీళ్ళ ప్రయత్నంవల్ల 1910ల మొదట్లో స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం వాడుకభాషలో రాసినా ఒప్పుకోవచ్చని సడలింపు వచ్చింది. దానిమీద మంటలు లేచాయి. మంటపెట్టినవాళ్ళలో ముందున్నవాడు మన కోనసీమ మనిషే. ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు. రాజమండ్రిలో చదువుకుని ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలు చేసినవాడు. 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టాడు. అది తరవాత కాకినాడ చేరింది. పిఠాపురం మహారాజు సూర్యారావు డబ్బుతో సూర్యరాయాంధ్ర నిఘంటువు అక్కడే తయారైంది. నిఘంటువు మంచిది, కనక రామయ్య పంతుల్ని వట్టి మొండివాడిగా కొట్టిపారెయ్యకూడదు. ఆయన భయం ఒకటి. జిల్లాకో తెలుగు రాస్తే ఎవరి పుస్తకం ఎవరికి అర్థమవుతుంది? ఆ భయం అబద్ధమూ కాదు. కానీ దానికి మందు ఎనిమిది వందల ఏళ్ళ నాటి కవుల క్రియలు కావు. ప్రభుత్వం సడలింపుని వెనక్కి తీసుకుంది. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసి, మరుసటేడు కాలం చేశాడు. మిగిలినవాడు గిడుగు.

ఆయన దెబ్బ తమాషాగా ఉండేది. వాడుకభాష గొప్పదని పాటలు పాడలేదు. గ్రాంథికవాదులు గ్రాంథికంలో రాసిన పుస్తకాలు తీసి, వాటిలో వాళ్ళ వ్యాకరణం ప్రకారమే తప్పులు ఏరి చూపించాడు. దానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని పేరు కూడా పెట్టాడు. పండితులకే రాని భాష పదేళ్ళ పిల్లాడికెలా వస్తుందన్నది వాదం.

రాజమండ్రి 1919 ఫిబ్రవరి 28న మాట మార్చింది. ఆ రోజు వాడుకభాష వ్యాప్తికోసం ఓ సమాజం పుట్టింది. గిడుగు కార్యదర్శి. అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం! ఎక్కువగా గ్రాంథికంలోనే రాసి, ఆ వచనానికి ఓ తరానికి తరమే శిష్యులైన పంతులుగారు అధ్యక్షుడంటే వాదానికి బరువు వచ్చేసింది. మూడు నెలలకే, మే 27న ఆయన మద్రాసులో పోయారు. కాకినాడ పరిషత్తు 1924లో వాడుకభాషమీద నిషేధం ఎత్తేసింది. మరుసటేడు తణుకులో పరిషత్తు సభ జరిగితే గిడుగు గంటల తరబడి మాట్లాడాడు. పాత గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఒక్కొక్కటే ఎత్తి చూపుతూ, మీరు తప్పంటున్నవి మీ పెద్దలు రాసినవేనని చెప్పుకొచ్చాడు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయింది. ఆ బాధతో ఆ ఊరు వదిలేసి వచ్చి స్థిరపడింది రాజమండ్రిలోనే.

యేట్స్ ప్రశ్న అలా తీరిందనుకున్నా ‘కాదు, లేదు’ ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. నిజానికి వాడుకభాష గెలిచాక కూడా బళ్ళో చెప్పే వ్యాకరణం మాత్రం సంధులు, సమాసాల దగ్గరే ఆగిపోయింది. ఉత్వసంధి సూత్రం అప్పజెప్పగల కుర్రాణ్ణి ‘వచ్చి’కీ ‘వస్తూ’కీ తేడా అడిగితే తెల్లమొహం వేస్తాడు. సంధి పేరు తెలియకపోయినా అతను సంధి చేస్తూనే ఉన్నాడు గదా. మాట్లాడే తెలుగు వాక్యం ఎలా కట్టుకుంటుందో వివరంగా చెప్పే పుస్తకం 1985లో వచ్చింది. దాన్ని రాసినవాళ్ళిద్దరు. ఒకరు మన భద్రిరాజు కృష్ణమూర్తి. రెండోవారు జె.పి.ఎల్. గ్విన్, ఐ.సి.ఎస్. అధికారిగా వచ్చి తెలుగు నేర్చుకున్న దొర. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే అట్టమీద చేరడం మన వ్యాకరణ చరిత్రలో అరుదు. ఇంతా చేసి పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నన్నయ పేరున్న పుస్తకం సంస్కృతంలో ఉన్నట్టు.

ఇక మొదట్లో అన్న ఆడమనిషి ‘వచ్చింది’ సందేహం సంగతి. మనుషుల్లో మగవాళ్ళు ఒక జాతి, మిగతా అంతా ఒక జాతి అన్న విభజన తెలుగుదే కాదు, గోండి, కువిలాంటి మన దగ్గరి చుట్టాల భాషల్లోనూ ఉంది. తమిళంలో ఆడవాళ్ళకి వేరే క్రియ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు కలిస్తే మాత్రం తెలుగులోనూ బండ్ల జాతి వదిలి మనుషుల్లో చేరి ‘వచ్చారు’ అవుతారు. గోదావరి జిల్లాల్లో ఈ చిక్కుకి ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. ఒక్కావిడైనా సరే ‘ఆవిడొచ్చారండి’. గౌరవం కోసం పెట్టిన బహువచనం వ్యాకరణంలో ఉన్న ఇబ్బందిని కూడా కప్పేసింది. ఈ ‘అండి’ మాత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ సరిగా దొరకదు. ఉందండి, లేదండి, ఎక్కడండి, ఇదుగోనండి అంటూ దేనికైనా అతుక్కుంటుంది. అమలాపురం పక్క ‘ఆయ్’ చేరితే దాని అర్థం అవునా, వింటున్నానా, చిత్తమా అన్నది మనిషిని చూసి తేల్చుకోవాల్సిందే. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల ఆదివారం తెలుగు నేర్చుకుని, సోమవారం స్పానిష్ క్లాసుకెళ్ళే పిల్లలకి ఉస్తెద్ తేలిగ్గా అర్థమవుతుంది గానీ, ఈ ‘ఆయ్’ అమ్మమ్మ ఊరొస్తే గానీ పట్టుబడదు.

ఇప్పుడు పుస్తకాల్లో, పత్రికల్లో ఉన్న తెలుగుకి పునాది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ మాట. అంటే ఒకప్పుడు యేట్స్ వేలెత్తి చూపిన ‘పుస్తకం భాష’ స్థానంలో మన మాటే కూర్చుంది. పుస్తకంలో ‘వచ్చాడు’ అని ఉందేం, ఇంట్లో అమ్మ ‘వచ్చిండు’ అంటుంది గదా అని కరీంనగర్ పిల్లాడు అడిగితే, ‘వచ్చినాడు’ తప్పా అని కడప పిల్లాడు అడిగితే, అది యేట్స్ అడిగిన ప్రశ్నే. రాజమండ్రి ముసలివాళ్ళు కొందరు ఇప్పటికీ ‘వచ్చేడు’ అంటారు. వాళ్ళ మనవలు ఆ ‘చే’ని ‘చా’ చెయ్యమని మేష్టారు చెప్పడం వల్ల దిద్దుకున్నారు.